మేడమీది ట్యాంకుకు లెక్క కట్టడం: ఇంటి నీటి పొదుపు ప్రాజెక్టు డైరీ

నలుగురు ఉండే ఇల్లు. కింద సంపు, మేడమీద 1,000 లీటర్ల ప్లాస్టిక్ ట్యాంకు, రెంటికీ మధ్య 1 హెచ్‌పీ మోటారు. రెండు బాత్రూములు, రెండు పాత ఫ్లష్ ట్యాంకులు, వంటింట్లో ఒక సింకు, పైనుంచి బట్టలు వేసే వాషింగ్ మెషీను, ఒక ఆర్‌వో ఫిల్టరు. పని వరుస ముందే ఖాయం చేసుకున్నాం: మొదట కొలత, తర్వాత కారేవి ఆపడం, ఆపైన ధార తగ్గించడం, చివర్న వాడిన నీళ్ళు మళ్ళీ వాడటం. చాలా ఇళ్ళలో ఈ పని తలకిందులుగా మొదలవుతుంది. మెషీను నీళ్ళు పట్టడానికని ముందుగా డ్రమ్ము కొంటారు, ఫ్లష్ ట్యాంకు మాత్రం రాత్రంతా చప్పుడు లేకుండా కారుతూనే ఉంటుంది.

1వ రోజు: ట్యాంకును కొలబద్దగా మార్చడం

ఇంటికి నీటి మీటరు లేదు. ఉన్నా సంపులోకి వచ్చేది చెబుతుందేగానీ ఇంట్లో ఖర్చయ్యేది చెప్పదు. అందుకే ట్యాంకునే మీటరుగా వాడాం. లోపలి వ్యాసం 105 సెం.మీ. వైశాల్యం 8,659 చదరపు సెం.మీ., అంటే నీటి మట్టం 1 సెం.మీ. దిగితే 8.66 లీటర్లు పోయినట్టు. ప్లాస్టిక్ ట్యాంకులకు గోడ మీద గాళ్ళు ఉంటాయి, పైభాగం లోపలికి వాలుతుంది, కాబట్టి కాగితం మీది లెక్కను నమ్మి ఊరుకోలేదు. కింద కుళాయి తిప్పి సరిగ్గా 5 బకెట్లు పట్టాం, మట్టం 11.5 సెం.మీ. దిగింది. 100 లీటర్లకు 11.5 అంటే సెంటీమీటరుకు 8.7 లీటర్లు. లెక్క కుదిరింది.

ఇక్కడ బకెట్టే మోసం చేయగలదు. 20 లీటర్లని రాసి ఉన్న బకెట్టు సరిగ్గా అంతే పట్టకపోవచ్చు. ఖాళీ బకెట్టు తూచి, నింపి మళ్ళీ తూచాలి. ఒక కిలో అంటే ఒక లీటరు. ఖాళీ బకెట్టు బరువు పోను 20 కిలోలు తూగిన చోట లోపల చెరగని పెన్నుతో గీత పెట్టాలి. ఆ తర్వాత ఏం కొలిచినా ఆ గీత దాకానే.

మట్టం కొలిచే తీరు: మూత అంచు మీద ఒక చెక్క బద్ద అడ్డంగా పెట్టి, దాని కింది అంచు నుంచి నీటి పైతలం దాకా స్టీలు టేపు దించాలి. ఎప్పుడూ అదే బద్ద, అదే చోటు. కర్ర ముంచి తడి మరక చూసే పద్ధతిలో తడి పైకి పాకి అర సెంటీమీటరు తేడా వస్తుంది, అంటే 4 లీటర్లకు పైనే.

2 నుంచి 8వ రోజు: వారం కొలత

రోజూ ఉదయం ట్యాంకు నిండాక ఒకసారి, మర్నాడు మోటారు వేసే ముందు ఒకసారి టేపు దించాం. ప్రతి ఫ్లష్ దగ్గరా, షవర్ దగ్గరా, సింకు దగ్గరా ఒక కాగితం, పెన్సిలు పెట్టాం. వాడినప్పుడల్లా ఒక గీత. ఫ్లష్‌కు ఎంత పోతుందో తెలియడానికి యాంగిల్ కాక్ (ఫ్లష్ ట్యాంకుకు నీళ్ళు వదిలే గోడ వాల్వు) కట్టేసి, ఒకసారి ఫ్లష్ చేసి, ఖాళీ అయిన ట్యాంకును కొలిచిన జగ్గుతో పాత గీత దాకా నింపాం: 9 లీటర్లు.

వారం సగటు రోజుకు 620 లీటర్లు. అందులో ఫ్లష్‌లు 18 సార్లు, 162 లీటర్లు. స్నానాలు 140: ఇద్దరివి బకెట్ స్నానాలు 20 చొప్పున, ఇద్దరివి షవర్ స్నానాలు 50 చొప్పున. వంటిల్లు 90. మెషీను ఒక్క వాయికి 110 తాగుతుంది, రోజు విడిచి రోజు వేస్తారు కాబట్టి రోజుకు 55. చేతులు కడుక్కోవడం, ఇల్లు తుడవడం వగైరా 45. ఆర్‌వో వదిలేసేది 24. అన్నీ కూడితే 516. మిగిలిన 104 లీటర్లు ఏ కాగితం మీదా లేవు.

ఈ కొలతకు కనపడని ఖర్చు ఇంకోటి ఉంది. ట్యాంకు నిండి పొర్లిపోయేది టేపుకు దొరకదు, ఎందుకంటే టేపు దించేది పొర్లడం ఆగాకే. మోటారు వేగం విడిగా కొలిచాం. మట్టం 10 సెం.మీ. లేవడానికి 130 సెకన్లు పట్టింది, అంటే నిమిషానికి 40 లీటర్లు. ఓవర్‌ఫ్లో పైపు నుంచి ధార మొదలైన క్షణం నుంచి మోటారు ఆపేదాకా రోజూ గడియారం పట్టి చూస్తే వారానికి 23 నిమిషాలు తేలింది. 920 లీటర్లు. రోజుకు 131. ఇంట్లో లీకులన్నీ కలిపినా ఇంత లేదు. పైగా నీటితోపాటు కరెంటు కూడా పోయినట్టే.

9, 10 రాత్రులు: 104 లీటర్లు ఎక్కడికి పోతున్నాయి

రాత్రి 11కి అందరూ పడుకున్నాక టేపు, ఉదయం 5కి ఎవరూ కుళాయి ముట్టకముందు మళ్ళీ టేపు. 6 గంటల్లో 3 సెం.మీ., అంటే 26 లీటర్లు. రోజుకు లెక్కేస్తే 104. కాగితం మీద దొరకని అంకె, ఇదీ ఒకటే.

రెండో రాత్రి ఒక్క మార్పు మాత్రమే చేశాం: రెండు ఫ్లష్ ట్యాంకుల యాంగిల్ కాక్‌లూ కట్టేశాం. మట్టం అర సెంటీమీటరే దిగింది. అంటే రోజుకు సుమారు 87 లీటర్లు ఫ్లష్‌ల నుంచే పోతున్నాయి, మిగిలిన 17 కుళాయిలవి. ఒకేసారి రెండు మూడు మార్పులు చేస్తే దోషం దేనిదో తేలదు, అందుకే రాత్రికి ఒక్క మార్పే.

కాసేపు ఇక్కడ ఆగి ఒక సంగతి చెప్పాలి. రాత్రి మట్టం దిగుతోందంటే నీళ్ళు ఇంట్లోకే పోతున్నాయని కాదు. మోటారు నుంచి వచ్చే పైపు కొస ట్యాంకులో నీటి కింద మునిగి ఉండి, సంపులోని ఫుట్ వాల్వు (పైపు అడుగున నీళ్ళు వెనక్కి జారకుండా ఆపేది) సరిగా పట్టకపోతే, ట్యాంకు నీళ్ళు అదే పైపులో వెనక్కి సంపులోకి జారిపోతాయి. గోడలూ నేలా పొడిగానే ఉంటాయి, ట్యాంకు మాత్రం ఖాళీ అవుతుంది. ఈ అనుమానం ముందే తీర్చుకోవాలి: పైపు కొస నీటి మట్టానికి పైన ఉందా లేదా చూస్తే చాలు. ఇక్కడ పైనే ఉంది. మునిగి ఉంటే కొసను ఓవర్‌ఫ్లో మట్టం కంటే పైకి ఎత్తి బిగించాలి.

11, 12: ఫ్లష్ ట్యాంకులు

ముందు రంగు పరీక్ష. ట్యాంకులో కాస్త ఫుడ్ కలర్ కలిపి 20 నిమిషాలు ఫ్లష్ ముట్టకూడదు. రెండు బాత్రూముల్లోనూ కమోడ్‌లోకి రంగు దిగింది. దీంతో కారుతోందని తెలుస్తుంది, ఎందుకు కారుతోందో తెలియదు. దానికి ఇంకో పని చేయాలి. యాంగిల్ కాక్ కట్టేసి, ట్యాంకు లోపల నీటి మట్టం దగ్గర పెన్సిలు గీత పెట్టి అరగంట ఆగాలి. మట్టం ఓవర్‌ఫ్లో గొట్టం అంచు దాకా దిగి అక్కడే నిలబడితే తప్పు లోపలికి వచ్చే వాల్వుది, ఫ్లోట్ ఎక్కువ ఎత్తులో ఉంది. అంచు దాటి ఇంకా కిందికి పోతుంటే తప్పు అడుగు రబ్బరు సీలుది.

మొదటి బాత్రూములో ఫ్లోట్‌దే తప్పు. నీళ్ళు గొట్టం అంచుకు సమానంగా నిలిచి, సన్నటి పొరలా లోపలికి జారుతున్నాయి. చెవికి వినపడదు, కంటికి ఆనదు. స్క్రూ తిప్పి మట్టాన్ని అంచుకు 25 మి.మీ. కిందికి తెచ్చాం, అంతే.

రెండోదాంట్లో అడుగు సీలు. విప్పితే రబ్బరు మీద, అది కూర్చునే అంచు మీద సున్నం పొర. రబ్బరు బాగానే ఉంది, గట్టిపడలేదు. రెంటినీ వెనిగర్‌లో గంట నానబెట్టి పాత టూత్‌బ్రష్‌తో రుద్దాం. బ్లేడుతో గీకితే అంచు మీద గాటు పడుతుంది, ఆ గాటులోంచి మళ్ళీ కారుతుంది. బాత్రూం కడిగే యాసిడ్ రబ్బరును తినేస్తుంది. ట్యాంకులో వేసే క్లోరిన్ బిళ్ళలతోనూ అదే చిక్కు, రబ్బరు బిరుసెక్కి సీలు పట్టదు. తిరిగి బిగించేటప్పుడు ఎత్తే కడ్డీకి 5 నుంచి 10 మి.మీ. వదులు ఉండాలి. బిగుతుగా ఉంటే సీలు సగం లేచి ఉండిపోతుంది.

ఫ్లోట్లు దించే పనిలోనే ఒక్కో ఫ్లష్‌ను 9 నుంచి 7.5 లీటర్లకు తెచ్చాం. ఇంకా తగ్గిస్తే కమోడ్ ఒక్క దెబ్బకు శుభ్రం కాక రెండుసార్లు నొక్కాల్సి వస్తుంది, పొదుపు పోయి దండుగ మిగులుతుంది. ట్యాంకులో ఇటుక వేయమనే సలహా తరచూ వినిపిస్తుంది. అది నానితే పొడి రాలుతుంది, ఆ ఇసుక వెళ్ళి సీలు కిందే చేరుతుంది. వేయాలనుకుంటే నీళ్ళు నింపిన బాటిల్ వేయాలి, అదీ ఫ్లోట్‌కు అడ్డు రాని మూల.

13: కుళాయిలు

చుక్కలు లెక్కపెట్టి లీటర్లు చెప్పే పట్టికలు నమ్మదగినవి కావు, కుళాయిని బట్టి చుక్క పరిమాణం మారుతుంది. కింద గ్లాసు పెట్టి 10 నిమిషాలు పట్టి, వచ్చిన మిల్లీలీటర్లను 144తో హెచ్చిస్తే రోజు లెక్క. పెరటి కుళాయి 80 మి.లీ., అంటే రోజుకు 11.5 లీటర్లు. బాత్రూం కుళాయి 35 మి.లీ., 5 లీటర్లు. రెండూ కలిపి 16.5. రాత్రి టేపు చెప్పిన 17కు దగ్గరగా వచ్చింది, కాబట్టి గోడల్లో దాగిన లీకు లేదని ధైర్యం.

పెరటిది పాత తరహా, మర తిప్పితే రబ్బరు వాషర్ దిగి మూసుకునేది. వాషర్ మీద గుండ్రంగా లోతైన గాడి. కారుతోందని రోజూ ఇంకాస్త గట్టిగా బిగించడం వల్లే ఆ గాడి పడుతుంది. పాత వాషర్‌నే తీసుకెళ్ళి అదే సైజు తెచ్చి వేయాలి. కొత్తది వేశాక కూడా కారితే లోపల వాషర్ కూర్చునే ఇత్తడి అంచు గుంతలు పడిందన్నమాట, దాన్ని చదును చేసే పనిముట్టు ప్లంబర్ల దగ్గర ఉంటుంది.

బాత్రూందేమో పావు తిప్పుడు కుళాయి, లోపల పింగాణీ బిళ్ళలు. వాటి మధ్య ఇసుక రేణువు ఇరుక్కుంది. కడిగి, సిలికాన్ గ్రీజు పల్చగా రాసి బిగిస్తే ఆగింది. మామూలు గ్రీజు వద్దు, లోపలి రబ్బరు రింగు ఉబ్బిపోతుంది. పింగాణీ బిళ్ళలుండే లోపలి భాగం, అంటే కార్ట్‌రిడ్జే మార్చాల్సి వస్తే పొడవుతోపాటు కాడ మీది పళ్ళ లెక్క కూడా పాతదానితో కలవాలి, లేకపోతే పైపిడి కూర్చోదు.

ఆ రాత్రి మళ్ళీ 11 నుంచి 5 దాకా చూస్తే టేపు కదిలినట్టే లేదు.

15: పొర్లడం ఆపడం

ప్లంబర్ చెప్పిన మొదటి ఉపాయం ట్యాంకులో బాల్ వాల్వు, అంటే ట్యాంకు నిండగానే తేలే బంతి పైకి లేచి ధారను మూసేసేది. ఇది మోటారుతో నింపే ట్యాంకుకు పనికిరాదు. వాల్వు మూసుకున్నాక కూడా మోటారు తిరుగుతూనే ఉంటుంది, కదలని నీటిని చిలికి వేడెక్కుతుంది, కీళ్ళ మీద ఒత్తిడి పడుతుంది. ఆపాల్సింది నీటిని కాదు, మోటారును. కాబట్టి ఫ్లోట్ స్విచ్, నీటి మట్టాన్ని బట్టి కరెంటు కలిపి తెంచేది.

కేబుల్‌కు వేలాడే రకం తీసుకున్నాం, పైట్యాంకులో ఒకటి, సంపులో ఒకటి. లోపల మూడు తీగలు ఉంటాయి: ఒకటి కామన్, ఒకటి ఫ్లోట్ లేచినప్పుడు కలిసేది, ఇంకోటి దిగినప్పుడు కలిసేది. పైట్యాంకుకు కామన్, దిగినప్పుడు కలిసేది వాడాలి, ట్యాంకు నిండగానే తెగిపోవాలి. సంపుకు కామన్, లేచినప్పుడు కలిసేది, సంపు ఖాళీ కాగానే తెగిపోవాలి. రెండూ ఒకదాని తర్వాత ఒకటి వరుసగా కాంటాక్టర్ (మోటారు కరెంటును కలిపి తెంచే పెద్ద స్విచ్) కాయిల్‌కు. ఫ్లోట్ గుండా మోటారు కరెంటు నేరుగా పంపకూడదు. నడిచేటప్పుడు 5, 6 ఆంపియర్లే అయినా మొదలయ్యే క్షణంలో దానికి ఎన్నో రెట్లు లాగుతుంది, ఫ్లోట్ లోపలి పాయింట్లు కాలి అతుక్కుపోతాయి. అతుక్కుంటే మోటారు ఆగదు, ఇంత పనీ వృథా. లైనులో 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సరఫరా తెంచే స్విచ్) తప్పనిసరి, నీళ్ళలో కరెంటు తీగ వేలాడుతోంది. ఈ భాగం ఎలక్ట్రీషియన్ చేతనే చేయించాం, మెయిన్ ఆపి.

కేబుల్ మీద జారే బరువు ఉంటుంది, దానికీ ఫ్లోట్‌కూ మధ్య ఎంత తీగ వదిలితే మట్టం అంత ఊగుతుంది. మొదట 5 సెం.మీ. వదిలితే ట్యాంకులో కాస్త నీళ్ళు వాడగానే మోటారు లేచింది, గంటలో నాలుగుసార్లు. 15 సెం.మీ.కు పెంచాక మట్టం సుమారు 28 సెం.మీ. దిగాకే మొదలవుతోంది. 240 లీటర్లు, 6 నిమిషాల పరుగు, తర్వాత విశ్రాంతి. ఆగే మట్టాన్ని ఓవర్‌ఫ్లో పైపుకు 10 సెం.మీ. కింద పెట్టాం. కేబుల్ అతుకు ట్యాంకు లోపల ఎక్కడా ఉండకూడదు, బయట మూతున్న డబ్బాలోనే.

18: వంటింటి ధార, షవర్

ఇక్కడ తొందరపడితే డబ్బు వృథా. 'నిమిషానికి 6 లీటర్లు' అని రాసి ఉన్న ఎయిరేటర్ (కుళాయి మూతికి బిగించి ధార తగ్గించే జాలీ) ఒకటి బిగించాం. వచ్చింది 1.9 లీటర్లు. గిన్నె నిండక విసుగొచ్చి మర్నాడే ఊడదీసే సరుకు. కారణం ఒత్తిడి. ఆ 6 లీటర్లు 3 బార్ ఒత్తిడి దగ్గర లెక్క. ట్యాంకు నీళ్ళు కుళాయికి 3 మీటర్ల ఎత్తులో ఉంటే దొరికేది 0.3 బార్. ఒత్తిడి పదో వంతు అయితే ధార దాని వర్గమూలం మేరకు, అంటే మూడో వంతుకు పడుతుంది. పై అంతస్తులోని కుళాయిలన్నిటిదీ ఇదే కథ. కాబట్టి తక్కువ ఒత్తిడికని చేసిన స్ప్రే రకం తెచ్చి వేశాం, బకెట్టు పెట్టి కొలిస్తే 4 లీటర్లు. ముందు 9 ఉండేది. బిగింపుకు టెఫ్లాన్ టేపు అక్కర్లేదు, లోపలి రబ్బరు రింగే ఆపుతుంది. నెలకోసారి విప్పి జాలీలో ఇసుక దులపాలి. గిన్నెలు, బిందెలు నింపుకోవడానికి పక్కనున్న ఇంకో కుళాయిని అలాగే వదిలేశాం, నింపేచోట ధార తగ్గించినా పట్టే నీళ్ళు తగ్గవు.

షవర్‌కు సన్న రంధ్రాల తల వేశాం. 8 నుంచి 5.5 లీటర్లకు దిగింది. ఒక్కో స్నానం 50 నుంచి 35.

21, 22: మెషీను చివరి నీళ్ళు

ఒక వాయిలో మెషీను రెండుసార్లు నిండుతుంది, ఉతకడానికి ఒకసారి, జాడించడానికి ఒకసారి, చెరో 50 లీటర్లు. మిగిలింది మధ్యలో చల్లుకుంటుంది. పట్టుకోవాల్సింది జాడించిన నీళ్ళే. మొదటివాటిలో మురికి, సబ్బు ఎక్కువ, వాటిని కాలువలోకే వదిలాం.

21న డ్రమ్ము నేల మీద పెట్టి డ్రైన్ పైపు అందులోకి దించాం. మెషీను నీళ్ళు నింపుకుంటూనే ఉంది, నిండటం లేదు. పైపు కొస మెషీను నీటి మట్టం కంటే కిందికి పోయేసరికి సైఫన్ పట్టి, నింపిన నీళ్ళు నింపినట్టే జారిపోతున్నాయి. పొదుపుకని మొదలుపెట్టిన పని పావుగంటలో రెట్టింపు నీళ్ళు పారబోసింది. 22న సరిచేశాం: పైపును 90 సెం.మీ. ఎత్తున గోడకు క్లిప్పుతో వంపు తిప్పి, కొసను ఒక వెడల్పాటి 50 మి.మీ. నిలువు పైపులో వదులుగా వేలాడదీశాం. చుట్టూ గాలి ఆడుతుంది కాబట్టి సైఫన్ పట్టదు. అక్కడి నుంచి చేత్తో తిప్పి మూసే వాల్వులు రెండు, ఒకటి డ్రమ్ముకు, ఒకటి కాలువకు.

డ్రమ్ము మూతి దగ్గర నైలాన్ సంచి కట్టాం, బట్టల నూగు అందులో ఆగుతుంది. సన్న ఫిల్టరు పెడితే రెండు వాయిలకే పూడుకుపోయి మెషీను పంపు మూలుగుతుంది. నీళ్ళు 24 గంటలకు మించి నిలవ ఉంచకూడదు, ఆ తర్వాత కుళ్ళు వాసన ఖాయం. ఇవి ఫ్లష్‌కే వాడుతున్నాం, బకెట్టుతో నేరుగా కమోడ్‌లోకి, ఒక్క ఊపున 5 లీటర్లు. ఫ్లష్ ట్యాంకులో పోయకూడదు: నూగు సీలు కింద చేరుతుంది, లోపలంతా పాచి పడుతుంది. మంచినీళ్ళ పైపుతో ఈ డ్రమ్ముకు ఏ అతుకూ పెట్టకూడదు, వాల్వు ఉన్నా సరే.

24: ఆర్‌వో

లీటరు మంచినీళ్ళకు 3 లీటర్లు వదిలేస్తోంది. లోపలికి పోయే నీటి టీడీఎస్ (నీటిలో కరిగిన ఉప్పుల లెక్క) 380, తాగేది 30. అలాంటప్పుడు వదిలేసేది నాలుగు లీటర్ల ఉప్పులోంచి ఒక లీటరుది తీసేసి మూడుతో భాగిస్తే 497. మీటరు పెడితే 490 చూపింది. ఇల్లు తుడవడానికి, కమోడ్‌కు, కుండీలకు పర్లేదు. లోపలికి పోయేదే 1,200 ఉన్న ఇంట్లో బయటికొచ్చేది 1,570 దాకా చేరుతుంది, ఆ నీళ్ళు రోజూ పోస్తే కుండీ మట్టి మీద తెల్లగా ఉప్పు పేరుకుంటుంది. వదిలేసే పైపును నొక్కి తగ్గించే ప్రయత్నం చేయవద్దు, ఉప్పు బయటికి పోక మెంబ్రేన్ (నీళ్ళు వడకట్టే పొర) మీదే గడ్డకట్టి నెలల్లో పాడవుతుంది. ఉన్నదాన్ని పట్టుకోవడమే దారి. కింద 25 లీటర్ల క్యాన్ పెట్టి, పైపు కొసను మూతికి పైన వేలాడదీశాం.

30 నుంచి 36: మళ్ళీ కొలత

అదే బద్ద, అదే టేపు. రోజుకు 395 లీటర్లు. లీకు 3, వంటిల్లు 66, స్నానాలు 110, మెషీను 55, ఆర్‌వో 24, వగైరా 42. ఫ్లష్‌లకు 135 కావాల్సిన చోట మెషీను, ఆర్‌వో నీళ్ళు 40 సర్దాయి, ట్యాంకు నుంచి పోయింది 95. పొర్లింది సున్నా. సంపు లెక్క చూస్తే 751 (వాడకం 620, పొర్లింది 131) నుంచి 395కు దిగింది. తగ్గిన 356లో 232 లీటర్లు పొర్లడం, లీకులు ఆపడం వల్లే. వాటికోసం ఎవరూ ఏ అలవాటూ మార్చుకోలేదు.

40: ఫ్లోట్ చిక్కుకుంది

ఓవర్‌ఫ్లో నుంచి మళ్ళీ ధార. పైట్యాంకు ఫ్లోట్ కేబుల్, మోటారు పైపు కింద పడే నీటి విసురుకు ఊగి ఊగి నిచ్చెన మెట్టుకు చుట్టుకుంది, ఫ్లోట్ పైకి లేవలేకపోయింది. విప్పి, ధార పడేచోటికి ఎదురు పక్కన, గోడకు కనీసం 20 సెం.మీ. ఎడంగా మళ్ళీ వేలాడదీశాం. ఇకమీద నెలకోసారి మోటారు నడుస్తుండగా ఫ్లోట్‌ను ప్లాస్టిక్ కర్రతో పైకి ఎత్తి చూడాలి, మోటారు వెంటనే ఆగాలి.

మిగిలిన పని

గీజరు నుంచి దూరపు బాత్రూం దాకా 12 మీటర్ల పైపు, లోపలి వ్యాసం 18 మి.మీ. మీటరుకు పావు లీటరు చొప్పున 3 లీటర్ల చల్లటి నీళ్ళు బయటికి పోతేగానీ వేడినీళ్ళు రావు. ప్రస్తుతానికి షవర్ కింద బకెట్టు పెట్టి ఆ 3 లీటర్లు పడుతున్నాం. గీజరును బాత్రూం గోడ అవతలికి మారిస్తే పైపు 2 మీటర్లకు తగ్గుతుంది, అప్పుడు పోయేది అర లీటరే. గోడ 25 లీటర్ల గీజరు బరువును, నీళ్ళతో కలిపి, మోస్తుందో లేదో చూసి బోల్టులు బిగించాలి.